నల్ల పెన్ను టిక్కులు

నా పదవీ విరమణ సభలో మాట్లాడినవాళ్ళంతా నా రిజిస్టర్లను పొగిడారు. కొట్టివేతలు ఉండవనీ, ఒక్క గడి కూడా ఖాళీగా వదలననీ, తనిఖీకి ఎవరొచ్చినా ముందు నా పుస్తకాలే తీసి చూపించేవాళ్ళమనీ చెప్పారు. నేను శాలువా కప్పుకుని తల వంచుకుని విన్నాను. చూసినవాళ్ళు వినయం అనుకున్నారు. నిజానికి ఆ పుస్తకాల్లో ఉన్న ఒక కాగితం గుర్తొచ్చి నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ పనిలోకి ఇప్పుడిప్పుడే వస్తున్న మీకు ఆ కాగితం సంగతి చెప్పాలని కూర్చున్నాను. గడులు నింపడం ఎలాగో ఇంకెవరైనా నేర్పిస్తారు.

నర్సుగా ముప్పై రెండేళ్ళు చేశాను. అందులో ఎక్కువ కాలం కాన్పుల గదిలోనే గడిచింది. చివరి ఐదేళ్ళు నన్ను మానసిక జబ్బుల బృందంలో వేశారు. బృందమంటే పెద్ద పటాలం అనుకోకండి. ఒక డాక్టరు, నేను, జీపు నడిపే ఆయన, అంతే. సోమవారం హిందూపురం, బుధవారం పెనుకొండ, శుక్రవారం ధర్మవరం. ఇంట్లోవాళ్ళు జబ్బు మనిషిని వెంటబెట్టుకుని వస్తారు, డాక్టరు చూస్తాడు, నేను నెలకు సరిపడా మాత్రలు పొట్లం కట్టి, ఏది పొద్దున ఏది రాత్రి అని చెప్పి పంపిస్తాను. డాక్టరు నా కొడుకు వయసువాడు. కర్ణాటక వైపు నుంచి వచ్చాడు. తెలుగులో మొదలుపెట్టి తనకు తెలియకుండానే కన్నడంలోకి జారిపోయేవాడు. హిందూపురంలో అది ఎవరికీ అడ్డం కాలేదు, అక్కడ సగం మందికి రెండూ ఇంటి భాషలే. ధర్మవరంలో మాత్రం నేను మధ్యలో ఉండి తిరిగి చెప్పాల్సి వచ్చేది.

ఒకరోజు ఆయన ఇరవై ప్రశ్నలున్న కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇకనుంచి జబ్బు మనిషినే కాదు, ఆ మనిషిని చూసుకునేవాళ్ళను కూడా మనం అడగాలన్నాడు. ఈ నెల రోజుల్లో తలనొప్పి వచ్చిందా, నిద్ర కరువైందా, ఆకలి మందగించిందా, ఊరికే ఏడుపొస్తోందా, చేసే పని నుంచి మనసు చెదురుతోందా. ఒక్కో ప్రశ్నకు అవును, లేదు, రెండే గడులు. అవునులు ఎక్కువైతే ఆ మనిషిని కూడా డాక్టరు చూస్తాడు. నాకు చెప్పొద్దూ, ఒళ్ళు మండింది. వచ్చినవాళ్ళకు మాత్రలివ్వడానికే పొద్దు చాలడం లేదు, బాగున్నవాళ్ళను కూర్చోబెట్టి బాగున్నారా అని అడగాలా? ముప్పై ఏళ్ళ నౌకరీలో నాకు నిద్ర పట్టిందా అని ఎవరైనా అడిగారా? ఇలా గొణుక్కుంటూనే మొదలుపెట్టాను.

జనానికీ అది వింతగానే ఉండేది. గుడిబండ వైపు నుంచి తమ్ముణ్ణి తీసుకొచ్చే రైతు ఒకాయన నా మొహంలోకి చూసి, "జబ్బు వానికి, పరీక్ష నాకా మేడం?" అన్నాడు. ధర్మవరంలో మగ్గం నేసే పెద్దాయన ఒకరు భార్యను తీసుకొచ్చేవారు. ప్రతి ప్రశ్నకూ లేదు, లేదు అంటూ వచ్చి, ఏడుపొస్తుందా అన్నదానికి కూడా కండువాతో కళ్ళు తుడుచుకుంటూ లేదనే అన్నారు. నేను అవును దగ్గర టిక్కు పెట్టాను. ఆయన అది చూసి కూడా కాదనలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందన్న భయం మనవాళ్ళకు ఎక్కువ. అయినా పది మందిని అడిగేసరికి నాకూ పని మీద గౌరవం కలిగింది. ఇన్నాళ్ళూ నేను మాత్రల పొట్లాలు ఎవరి చేతుల్లో పెడుతున్నానో ఆ చేతులను చూడనే లేదని తెలిసింది.

ఇక ఇరవయ్యో ప్రశ్న. అది చావు గురించి. చచ్చిపోతే బాగుండునని అనిపించిందా అని సూటిగా అడగాలి. అది నేను అడిగేదాన్ని కాదు. కాన్పుల గదిలో పెరిగిన మనిషిని నేను. అక్కడ ఎంత కష్టమైన కేసైనా ఆ మాట ఎవరమూ నోటితో అనం. కొత్తగా వచ్చిన ఆయా పొరపాటున అన్నా చేయి చరిచి బయటికి పంపేవాళ్ళం. అలాంటి నోటితో ఎదుటి మనిషిని, అందులోనూ పొద్దున్నే తలస్నానం చేసి బొట్టు పెట్టుకుని వచ్చిన మనిషిని, ఆ మాట అడగడం నా వల్ల కాలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని కూడా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పంతొమ్మిది ప్రశ్నలు అడిగి, వేలిముద్రో సంతకమో తీసుకుని పంపేసేదాన్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాగితాలన్నీ ముందేసుకుని, ఇరవయ్యో గడిలో వరసగా లేదు, లేదు అని నేనే టిక్కులు పెట్టేదాన్ని. ఖాళీ గడి చూస్తే నాకు పడదు కదా.

పెనుకొండకు ఏడెనిమిది కిలోమీటర్ల లోపల ఒక ఊరు. అక్కడి నుంచి ఒక తల్లి కొడుకును తీసుకుని ప్రతి నెలా వచ్చేది. యాభై దాటిన మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. ఎకరం మల్బరీ తోట, ఇంటి వెనక రేకుల షెడ్డులో పట్టుపురుగుల పెంపకం. కొడుక్కి అప్పుడు ఇరవై ఏడేళ్ళు. కాలేజీలో చదివేటప్పుడు జబ్బు మొదలైంది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని, తనను పిలుస్తున్నారని లేచి వెళ్ళిపోయేవాడు. ఒకసారి రెండు రోజులు కనబడకపోతే ఈమె ఒక్కతే ఊరూరూ వెతుక్కుంటూ పోయి, బత్తలపల్లి రోడ్డు కూడలిలో కూర్చున్నవాణ్ణి పట్టుకొచ్చింది. మాత్రలు మొదలయ్యాక వాడు బాగా కుదుటపడ్డాడు. అది మందుల గొప్ప ఎంతో, ఆమె గొప్ప అంతకంటే ఎక్కువ. ఒక్క పూట తప్పించేది కాదు. పురుగు పెద్దదయ్యే వారంలో రాత్రీ పగలూ ఆకు కోసి వేయాలి, మనిషికి తల దువ్వుకునే తీరిక ఉండదు. ఆ వారంలో కూడా కొడుకును తీసుకుని టైముకు వచ్చి వరసలో నిలబడేది.

ఆమెను నేను ప్రశ్నలడిగిన రోజు కొడుకు పక్కనే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పంతొమ్మిదింటికీ లేదంది. నవ్వుతూ, నా పని తొందరగా తెమలాలన్నట్టు, ప్రశ్న పూర్తికాకముందే లేదనేది. అన్ని కాగితాల్లోనూ సున్నా వచ్చింది ఆమె ఒక్కదానికే. నేను ఆ కాగితం డాక్టరుకు చూపించి, చూడండి మా ఆడవాళ్ళ గుండె అన్నాను. తరువాతి నెల పెనుకొండలో అలాంటి కుటుంబాలను కూర్చోబెట్టి సమావేశం పెట్టినప్పుడు ఆమెను ముందుకు పిలిచి మాట్లాడించాను కూడా. పాపం, కొంగు నిండుగా కప్పుకుని, మాత్రలు టైముకు ఇయ్యండి, వాళ్ళ మీద అరవొద్దండి అని రెండు మాటలు చెప్పి కూర్చుంది. నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఆ ఊరి ఆశా కార్యకర్త గురించి చెప్పాలి. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. పెనుకొండ క్లినిక్కు రోజున తన ఊరివాళ్ళను తీసుకొచ్చి, పని అయ్యేదాకా నా పక్కన చేరి ఊరి కబుర్లన్నీ వినిపించేది. ఎవరింట్లో బోరు ఎండింది, ఎవరి కోడలు అలిగింది, ఎవరి పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్లో మంచి ధర పలికాయి. నేను ఊఁ కొడుతూ పొట్లాలు కట్టేదాన్ని. ఒక్కోసారి విసుక్కునేదాన్ని కూడా. అయినా ఆమె మొహం చిన్నబుచ్చుకునేది కాదు.

ఆ ఏడు చింతపండు దించే రోజులు. ఒక బుధవారం ఆ తల్లి కొడుకుతో పాటు తన తమ్ముణ్ణి కూడా తీసుకొచ్చింది. ఆయన హిందూపురం దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, అంతవరకూ మా గడప తొక్కలేదు. ఆమె అతణ్ణి నా బల్ల దగ్గర నిలబెట్టి, ఏ మాత్ర ఎప్పుడు వేయాలో అతనికి చెప్పమంది. రెండోసారి చెప్పించింది. తరువాత అతని చేత తిరిగి అప్పజెప్పించింది. అదయ్యాక కొడుకు కార్డులో తన ఫోన్ నంబరు తీసేసి తమ్ముడిది రాయమంది. నాకు ఎంత సంతోషమైందో. ఇన్నాళ్ళకు ఇంకొక భుజం దొరికిందనుకున్నాను. ఆమె నంబరును స్కేలు పెట్టి ఒక్క గీతతో కొట్టేసి, పైన తమ్ముడి నంబరు గుండ్రంగా రాశాను. ఆమె ఆ కార్డు తీసుకుని చాలాసేపు చూసి కొడుకు జేబులో పెట్టింది.

వాళ్ళు వెళ్ళాక ఆశా కార్యకర్త మామూలుగానే అందుకుంది. "ఆయమ్మ చంద్రికలన్నీ పక్కింటామెకు ఇచ్చేసింది మేడం. మళ్ళీ తెచ్చియ్యబన్లేదు, నువ్వే పెట్టుకో అనిందంట," అంది. చంద్రికలంటే తెలియనివాళ్ళకు చెబుతాను. పండిన పట్టుపురుగు గూడు కట్టుకోవడానికి వెదురుతో అల్లిన చాపలు అవి. ఇప్పుడు ప్లాస్టిక్ వలలు వచ్చాక వెదురువి అల్లేవాళ్ళు తగ్గిపోయారు, ఉన్నవాళ్ళు బిడ్డల్లా చూసుకుంటారు. ఒకరి పంటకు ఒకరు అడిగి తీసుకుపోతారు. తమవి కలిసిపోకుండా అంచుకు రంగు పూసుకుంటారు, పంట కాగానే లెక్కపెట్టి తెచ్చుకుంటారు. పురుగు పెంచే మనిషి చంద్రిక అరువిస్తుంది కానీ ఇచ్చేయదు. ఇదంతా నాకు తెలుసు. అయినా ఆ రోజు నేనన్న మాట ఏమిటంటే, మంచి మనసమ్మా ఆమెది అని. ఆశా కార్యకర్త నా వైపు ఒకసారి చూసి, ఏదో అనబోయి ఊరుకుంది. ఆమె ఊరుకోవడమే ఒక వింత, అది కూడా నేను పట్టించుకోలేదు.

రెండు రోజులకు శుక్రవారం, ధర్మవరం క్లినిక్కు. మధ్యలో రోగులు పలచబడినప్పుడు డాక్టరు నా కాగితాల కట్ట తీసి తిరగేస్తున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"ఇరవయ్యోది మాత్రం అందరికీ నల్ల పెన్నుతో ఎందుకుంది మేడం?"

క్లినిక్కులో నా చేతిలో ఎప్పుడూ నీలం పెన్ను ఉంటుంది. నల్లది నా బల్ల సొరుగులోది, మధ్యాహ్నం రిజిస్టర్లు రాసేది. నేను వెంటనే, అడిగాకే పెట్టాను, ఒక్కోసారి పెన్ను మారుతుంది అన్నాను. గొంతు కొంచెం పెంచే అన్నాను. ఆయన కాగితాలు ఒక్కొక్కటే చూస్తూ పోయాడు. ఆ సున్నా కాగితం దగ్గర ఆగి, ఈమె చాలా ధైర్యవంతురాలు కదా, మీరు చెప్పారు అన్నాడు. ఎగతాళిగా అనలేదు, నా మాట నమ్మి అన్నాడు. అదే నన్ను కొట్టింది. స్కేలు పెట్టి నేను గీసిన గీత గుర్తొచ్చింది. తమ్ముడి చేత అప్పజెప్పించిన మాత్రలు, పక్కింటికి చేరిన చంద్రికలు గుర్తొచ్చాయి. అవన్నీ విడివిడిగా చూసినప్పుడు మంచి గుణాలుగా కనబడ్డాయి. ఒక్కచోట పెట్టి చూస్తే, మనిషి ఇల్లు సర్దుకుని ఎక్కడికో బయలుదేరుతున్నట్టుంది.

  అబద్ధం చెప్పాను సార్, ఒక్కరినీ అడగలేదు అన్నాను. చంద్రికల సంగతి చెప్పాను. ఆయన నన్ను తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. తిట్టలేదు. క్లినిక్కు నేను చూసుకుంటాను, మీరు జీపు తీసుకుని ఇప్పుడే వెళ్ళండి, సూటిగా అడగండి, ఏం చెప్పినా బెదరకండి, ఆమెను ఒంటరిగా వదలకండి, అక్కడి నుంచి నాకు ఫోన్ చేయండి అన్నాడు. ఇన్ని వాక్యాల్లో ఒక్క కన్నడ మాట కూడా దొర్లలేదు.

జీపు ఎక్కుతూ ఆశా కార్యకర్తకు ఫోన్ చేశాను. ఆ తల్లి ఇంటికి వెళ్ళి నేను వచ్చేదాకా కదలకుండా కూర్చోమన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. "నాక్కూడా రొండు దినాల్నుంచి మనసు మనసులో లేదు మేడం. పోతాండా," అని పెట్టేసింది.

ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా ఆ ఊరికి గంట పైనే పట్టింది. దారి పొడుగునా నాకు ఆ తల్లి చప్పట్ల మధ్య కొంగు కప్పుకుని నిలబడ్డదే కళ్ళ ముందు ఆడింది. నేను చేరేసరికి వాళ్ళింటి ముందు అరుగు మీద ఆ ఇద్దరు ఆడవాళ్ళూ చింతపండు కొడుతూ కూర్చుని ఉన్నారు. ఆశా కార్యకర్త తన ఇంటి నుంచి గంపెడు చింతకాయలు నెత్తిన పెట్టుకొచ్చి, ఒక్కదానికి తెమలడం లేదక్కా, గింజ తీయడానికి సాయం పట్టు అని ఆమె ముందు గుమ్మరించిందట. సాయం అడిగితే ఆ తల్లి కాదనలేదని ఆమెకు తెలుసు. గంపెడు చింతకాయలు గంటలో అయ్యే పని కాదనీ తెలుసు. నేను చదివిన చదువులో ఎక్కడా లేని తెలివి అది. ఆ రోజు నుంచి ఆమె కబుర్లు చెబుతుంటే నేను ఎన్నడూ విసుక్కోలేదు.

నన్ను చూడగానే ఆశా కార్యకర్త, ఆ తల్లి కొడుకును పిలిచి, గంప అటు పట్టప్పా అని వాణ్ణి తనతో కూర్చోబెట్టుకుంది. నేను ఆ తల్లిని తీసుకుని ఇంటి వెనక షెడ్డులోకి వెళ్ళాను. షెడ్డు ఖాళీగా ఉంది. నేల కడిగి సున్నం చల్లి, తట్టలన్నీ బోర్లించి పేర్చి ఉంది. ఒక పంటకూ ఇంకో పంటకూ మధ్య అందరూ కడుగుతారు. కానీ ఆ షెడ్డులో మళ్ళీ పంట పెట్టే సన్నాహం ఏదీ కనబడలేదు. ఇద్దరం గోడకు ఆనుకుని కింద కూర్చున్నాం. 

"ఒక మాట అడగల్లమ్మా నిన్ను. సచ్చిపోవల్ల అని అనిపిస్తాందా నీకు?"

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు.

"ఇది అప్పుడు అడగలేదే నువ్వు," అంది.

"అడగలేదు. నాకు భయమాయె. తప్పు నాదే."

"అడిగింటే చెప్పిందునేమో."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. మీరు చెవిలో వేసుకోవాల్సిందీ అదే. అడిగితే ఆలోచన పుడుతుందని నేను భయపడ్డాను. ఆ ఆలోచన ఆర్నెల్ల నుంచి ఆమెతో పాటు లేచి, ఆమెతో పాటు ఆకు కోసి, ఆమెతో పాటు నా క్లినిక్కు వరసలో నిలబడింది. అడిగేవాళ్ళు లేక లోపలే ఉండిపోయింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగందే ఆ అమ్మ చెప్పలేదు కూడా.

అన్నిటికీ లేదన్నావు కదమ్మా అన్నాను. వాడు పక్కనే కూర్చుని ఉన్నాడు కదా అంది. నాకు నిద్ర పట్టదంటే ఎవరి వల్ల పట్టదని అడుగుతారు, వాడు వింటాడు, విని మనసులో పెట్టుకుంటాడు అంది. అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. ఆ తరువాత ఆమె చీర అంచును వేళ్ళకు చుట్టుకుంటూ మెల్లగా చెప్పింది.

"నేనుండే వరకూ వాడు నాకొక్కదానికే కొడుకు మేడం. నేను లేకుంటే నలుగురూ చూస్తారు. మా తమ్ముడు చెడ్డోడు కాదు. నేనుండాను కాబట్టి రాడు, అంతే. వాన్ని ఆదివారం పిల్చుకొని పోతానన్నాడు. వాడు ఆడ కుదురుకోనీ అని ఉండా."

అది శుక్రవారం. నేను ఆమె చేయి పట్టుకుని ఏడ్చాను. నర్సు ఏడవకూడదని నేనే ఎందరికో చెప్పాను. ఆమె కూడా ఏడ్చింది, మొదట సన్నగా, తరువాత గొంతెత్తి. బయట చింతకాయల చప్పుడు ఆగిపోయి, కాసేపటికి మళ్ళీ మొదలైంది. మొదటి పంతొమ్మిది ప్రశ్నలూ అక్కడే మళ్ళీ అడిగాను. ఈసారి దాదాపు అన్నిటికీ అవునంది. ఒక్కో అవునుకూ ఆమె వీపు కాస్త కాస్త గోడ నుంచి ముందుకు వచ్చింది.

డాక్టరుకు ఫోన్ చేశాను. ధర్మవరంలో పని ముగించుకుని ఆయన బస్సెక్కి వచ్చేస్తానన్నాడు. తల్లీకొడుకులను జీపులో పెనుకొండకు తీసుకొచ్చాను, పొద్దు వాలకముందే ఆయన ఆమెను అక్కడ చూశాడు. ఫోన్ అందుకుని తమ్ముడు పరుగున వచ్చాడు. సంగతి విని, అక్కయ్య అన్నీ బాగా చూసుకుంటోంది, మధ్యలో నేనెందుకని దూరంగా ఉన్నానని చెప్పాడు. అతన్ని తప్పుబట్టే అర్హత నాకు లేదు, నేను కూడా అదే కదా చేసింది. ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నవాడు ఆ రోజే ఇద్దరినీ తన ఇంటికి తీసుకుపోయాడు.

వాళ్ళు బయలుదేరే ముందు డాక్టరు ఆమెకు రాసిన మాత్రల పొట్లం నా చేతిలో ఉంది. ఎప్పుడేది వేయాలో ఎవరికి చెప్పాలా అని చూస్తుంటే, కొడుకు దగ్గరికొచ్చి మాయమ్మకు కూడా మాత్రలా అని అడిగాడు. అవునన్నాను. వాడు పొట్లం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"నేనిస్తాలే మేడం. టైములు నాకు బాగా తెలుసు."

ఏడేళ్ళు ఆ టైములను తప్పకుండా పాటించినవాడు, వాడికి తెలియక ఎవరికి తెలుస్తాయి? మందులు తాళం వేసి తమ్ముడి భార్య దగ్గర ఉంచేట్టు, టైముకు గుర్తు చేసే పని వాడిదయ్యేట్టు డాక్టరు ఏర్పాటు చేశాడు. వాడు ఒక్క పూట కూడా మరిచిపోలేదని తరువాత అందరూ చెప్పుకున్నారు.

ఆమె ఒక్క రోజులో కోలుకోలేదు. అలా చెబితే నేను ఇంకో నల్ల టిక్కు పెట్టినట్టే. కొన్ని వారాలు అన్నం సయించలేదు. కొన్నిసార్లు క్లినిక్కుకు వచ్చి ఊరికే నా పక్కన కూర్చుని వెళ్ళిపోయేది. తల్లీకొడుకులు తమ ఊరికి తిరిగి వచ్చాక తమ్ముడు నెలలో పది రోజులు మేనల్లుణ్ణి తన దగ్గర పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ పది రోజులూ మొదట్లో ఆమెకు చేతులు కట్టేసినట్టుండేదట. ఆశా కార్యకర్త ఆ రోజుల్లో ఏదో ఒక గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళేది. చింతపండు అయిపోతే వేరుశనక్కాయలు, అవీ అయిపోతే ఊరి కబుర్లు. మేము జబ్బు మనిషిని ఇంకో గదిలో కూర్చోబెట్టాకే ఇంటివాళ్ళను అడగడం నేర్చుకున్నాం. అంతకుముందు నేను నల్ల టిక్కు పెట్టిన ప్రతి మనిషినీ మళ్ళీ పిలిచి ఇరవయ్యో ప్రశ్న నా నోటితో అడిగాను. ధర్మవరం మగ్గం పెద్దాయన ఆ ప్రశ్న విని, ఈ మాట అడిగినందుకు నీకు పుణ్యముంటుంది తల్లీ అన్నారు. ఆయన కాగితంలో లేదు దగ్గరే నీలం టిక్కు పెట్టాను, ఈసారి అది ఆయన మాట.

మీరు ఆమెను తలచుకుని జాలిపడకండి. అంత బరువు మోస్తూ కొడుకు చెవిన ఒక్క మాట పడనివ్వని మనిషి ఆమె. నా నౌకరీలో నేను చూసిన పెద్ద మనుషుల్లో ఆమె ఒకరు, చింతకాయల గంప ఎత్తుకొచ్చిన ఆమె ఇంకొకరు.

వానలు పడి మల్బరీ చిగురు వేశాక ఒకరోజు ఆ ఊరికి వెళ్ళాను. వీధి మలుపులోనే ఇద్దరు ఆడవాళ్ళు గట్టిగా వాదులాడుకోవడం వినబడింది. ఒక గొంతు ఆమెది. అంత గొంతు ఆమెకుందని నాకు అప్పటిదాకా తెలియదు. పక్కింటి గోడ దగ్గర చంద్రికలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అంచుకు పూసిన ఎర్ర రంగు చూపిస్తూ, ఒకటి తక్కువుందనీ, ఇంకొకదాని అంచు విరగ్గొట్టారనీ ఆమె నిలదీస్తోంది. ఆశా కార్యకర్త మధ్యవర్తిలా నిలబడి, ఎవరి వైపూ మాట్లాడకుండా, నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా సంచిలో ప్రశ్నల కాగితం ఉంది, నీలం పెన్ను ఉంది. ముందు తగాదా తెగనీ అని ఎదురింటి అరుగు మీద కూర్చున్నాను. పక్కింటామె కూడా తక్కువ తినలేదు.

"నువ్వే కదక్కా ఇచ్చేసినా, తెచ్చియ్యబన్లేదు అంటివి?"

"అంటి. అప్పుడంటి. ఇప్పుడు కావల్ల నాకు."